మొగిలి ఘాట్ దాటినాక

చిత్తూరు వేలంపాటలో పాడుకున్న జీపు.
అడవిశాఖ వేసిన ఆకుపచ్చ,
దాని మీద చెంగల్రాయుడు పూసిన ఇంకో ఆకుపచ్చ,
రెండిటి నడుమ తుప్పు.
ముప్పై ఒక్కేళ్ళు డిపోలో బస్సులు బాగుచేసి
పంపించినోడే గానీ
ఏ బస్సూ ఎక్కి యాడికీ పోనోడు.
కైగల్ జలపాతం కాడ గుడారం వేద్దామన్నాడు.
నలుగురం, రెండు రాత్రులు, ఒక కోడి.
దుడ్డు లెక్క రాసేదానికి నేను.

బంగారుపాళెంలో ఫ్యాన్ బెల్టు తెగింది.
కాపు అయిపోయి ఖాళీగా పడున్న మామిడి మండీలో
ఎవరో తాడిచ్చి
"పలమనేరు దాకా వస్తాది, ఆపైన దేవుడు" అన్నారు.

దేవుడు అంతదూరం ఆగలేదు.
మొగిలి ఘాట్ రెండో మలుపులోనే
రేడియేటర్ ఎసరు మాదిరి పొంగింది.
మా తాగే నీళ్ళన్నీ అది తాగింది,
మేం సోడాలు తాగినాం.

పలమనేరు సంతవీధిలో హారన్ ఇరుక్కుపోయింది.
నొక్కినోడు లేడు, ఆపేదెట్లో తెలీదు.
టమాటా గంపల ఎనక నుంచి ఒకామె
"యాడికప్పా, అంత ఏడస్తా ఉంటే ఎత్తకపోతా ఉండారు?" అంది.
ఢిల్లీబాబు తల వంచుకోని బానెట్ ఎత్తి
వైరు పీకి
జేబులో పెట్టుకున్నాడు.

తారురోడ్డు విడిచినాక
ఫోన్‌లో గీత ఉంది, నేల మీద లేదు.
ఈతపొదలు, బండిజాడ, ఆపైన
కార్తీకానికే ఎండిన వంక, మోకాటి లోతు ఇసుక.
క్లచ్ కాలిన వాసన
నలుగురికీ ఒకేసారి తగిలింది.
ఎవరమూ పేరు ఎత్తలేదు,
ఇంట్లో ఉన్న జబ్బు పేరు ఎత్తనట్టు.
చెంగల్రాయుడు మాత్రం బంపర్ మీద కూర్చోని
చేతులకంటిన ఆయిల్ని
శానాసేపు చూసుకున్నాడు.

గట్టు మీది చెనక్కాయ చేను నుంచి
టార్చిలైటు దిగొచ్చింది,
దాని ఎనకాల గంగులప్ప.
"ఏనుగులు ఈ వంకలోనే దిగతాయి సామీ,
మీరు వాటి దోవలో పక్కేసినారు."
టపాకాయలు అయిపోయినాయంట,
రేకుడబ్బా కొట్టి కొట్టి రెక్కలు పడిపోయినాయంట.
జీపు చుట్టూ ఒకసారి తిరిగి అడిగినాడు:
"దీనికి హారన్ ఉందా?"

బంగారుపాళెం తర్వాత మేం నవ్వింది అప్పుడే.

ఆయన కడవలో నీళ్ళు, మా కోడి,
ఆయన సద్దిలోని సంగటి ముద్ద నాలుగు ముక్కలు.
గుడారం కొయ్యలు ఇంట్లోనే మరిచినాం గాబట్టి
గుడారాన్ని దుప్పటిగా కప్పుకున్నాం.
చెంగల్రాయుడు స్టీరింగ్ ముందర కూర్చున్నాడు,
వైరు కొనలు రెండూ రెండు చేతుల్లో పట్టుకోని,
పసిబిడ్డకు మందు పొయ్యాల్సిన టైము కోసం
మేలుకున్నోడి మాదిరి.

రెండు గంటలప్పుడు
వెదురు ఇరిగిన చప్పుడు.
మళ్ళీ ఇంకోటి, దగ్గిర్లో.
గాలిలో తడిసిన గోనెపట్ట వాసన.
ఆయన వైర్లు కలిపినాడు.

సంతలో మా పరువు తీసిన గొంతే.
వంక నిండా, చేను నిండా,
కొండకు తగిలి మళ్ళీ మా మీదికే.
ఎంతసేపో చెప్పలేను,
గొంతు సన్నబడి, పీలబడి, బ్యాటరీ చచ్చిపోయేదాకా.
ఆ తర్వాతి నిశ్శబ్దంలో
పక్కనోడి గుండె నాకినపడింది,
లేకుంటే నాదేనేమో.

తెల్లారి చూస్తే
జీపుకు పదమూడు అడుగుల్లో
చేటంత పాదాలు, ఎనక్కి తిరిగినవి.
గంగులప్ప తువ్వాలు పరిచి కొలిచి
"అడవిశాఖ బండే కదా, గొంతు గుర్తుపట్టుంటాయి" అన్నాడు.

వాళ్ళ తమ్ముడి ట్రాక్టర్ మమ్మల్ని లాక్కొచ్చింది.
లాక్కొస్తా ఉన్న జీపులోనే
నిటారుగా కూర్చోని
ప్రతి మలుపుకూ స్టీరింగ్ తిప్పినాడు చెంగల్రాయుడు.
బాడుగ ఇస్తే తీసుకోలేదు,
మన్ను రాలని చెనక్కాయ కట్టొకటి ఎనక పడేసినారు.

లెక్క పుస్తకంలో:
సోడాలు ఎనభై. తాడు సున్నా.
క్లచ్ ప్లేట్ కాడ గీత గీసి వదిలేసినా.

కైగల్ ఎట్లుందని ఇంట్లో అడిగినారు.
నీళ్ళు బాగున్నాయన్నాను.
ఏ నీళ్ళని వాళ్ళు అడగలేదు.